ఏసమ్మ బండికి మూడు పంపులు

నాకు కోపం ఎక్కువ. ఈ మాట నేను చెప్పుకోనక్కర్లేదు, భీమవరం లారీ స్టాండులో ఎవరినడిగినా చెబుతారు. కాకపోతే మా రాజుల ఇళ్లలో ఊయలలో పిల్లాణ్ణి కూడా "అండీ" అని పిలవడం అలవాటు. అందుకని నా తిట్లకు కూడా చివర ఒక "అండి" తగులుకుని ఉంటుంది. "మీకు బుద్ధుందాండీ?" అని నేను అరిస్తే, ఏడవాలో నవ్వాలో తెలియక అవతలి మనిషి బిక్కమొహం వేస్తాడు. ఆ స్టాండుకు ఎదురుగా "త్రినాథరాజు ఆటో స్పేర్స్" అని బోర్డు పెట్టుకుని ఇరవై రెండేళ్లుగా కూర్చుంటున్నాను. నా కొట్లో నకిలీ సరుకు దొరికిందని ఒక్కరూ అనలేదు.

అలాంటిది, రెండువేల ఎనిమిదిలో ఒక పాత పికప్ బండి పుణ్యమా అని నేనమ్మిన పంపులకు "నెల పంపులు" అని పేరొచ్చింది. ఆ బండి ఏసమ్మది. నేను చెప్పబోయేది ఏసమ్మ గురించే. మధ్యమధ్యలో నా కోపం కూడా వస్తూ పోతూ ఉంటుంది, ఏమీ అనుకోకండి.

ఏసమ్మ వాళ్లది భీమవరానికి ఏడెనిమిది మైళ్ల దూరంలో, కాలవ పక్కన పేట. మొగుడు రాజ్ కుమార్ ఇరవై ఏళ్లు చేపల వ్యాన్లు నడిపిన మనిషి. మా వైపు ఏ చెరువు గట్టు ఎంత వెడల్పో, ఏ మలుపులో మట్టి మెత్తనో అతనికి నోటికి వచ్చు. ఎంతోమంది దగ్గర జీతానికి చేసి చేసి, చివరికి సొంతంగా ఒక పాత పికప్ కొనుక్కున్నాడు. కొన్న ఏడాదికే సుగర్ వచ్చి కళ్ల మీద పడింది. మొదట సాయంత్రం పూట దారి కనబడలేదు. తర్వాత పట్టపగలు కూడా మనిషి ఆకారమే తప్ప మొహం తెలియకుండా పోయింది. ఆస్పత్రిలో చూపించారు, లేజరు పెట్టించారు. ఉన్న చూపు నిలిచింది గానీ పోయింది తిరిగి రాలేదు.

బండి అమ్మేయమని ఊరంతా సలహా చెప్పింది. అందులో నేను కూడా ఉన్నాను. ఏసమ్మ అప్పటికి రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్తుండేది. పొద్దస్తమానం ఐసులో చేతులు పెట్టి పెట్టి కుడి భుజం పట్టేసి, చెయ్యి తల మీదికి లేచేది కాదు. నేను బండి అమ్మకం మాటెత్తితే నా వంక చిత్రంగా చూసింది.

"అమ్మేస్తే ఈయన పొద్దున్నే లేచి ఏం చూస్తాడండి?" అంది.

చూపు లేని మనిషి గురించి అలా అనడం ఆవిడకే చెల్లింది. ఇంతకీ ఆవిడ అనుకున్నదేమిటంటే, బండి తనే నడుపుతుందిట. నలభై ఏళ్ల వయసులో, సైకిలు కూడా తొక్కడం రాని మనిషి! నేను నవ్వాను. నవ్వానని ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

వేసవిలో మా వైపు చేపల చెరువులు ఎండగడతారు. నీళ్లన్నీ తోడేసి, అడుగు మట్టి నెర్రెలిచ్చేదాకా ఎండకు వదిలేస్తారు. పది పదిహేను ఎకరాల చదునైన నేల, చుట్టూ నడుం ఎత్తున గట్టు. అందులో బండి దింపితే ఎటు పోయినా గట్టుకు ఆనుకుని ఆగాల్సిందే. రాజ్ కుమార్ పెళ్లాన్ని అందులోకి తీసుకెళ్లి సీట్లో కూర్చోబెట్టి, తను పక్కన కూర్చున్నాడు. అతనికి ఏమీ కనబడదు. సీటు అదిరే తీరును బట్టి, ఇంజను గొంతును బట్టి చెప్పేవాడు. "క్లచ్చు తొందరపడి వదిలారండి, డ్రైవరుగారూ." "గేరు మార్చమని అడుగుతోందండి, డ్రైవరుగారూ." మొదటి రోజునుంచీ అతను ఆవిణ్ని డ్రైవరుగారనే పిలిచాడు. ఆవిడ అతన్ని ఓనరుగారంది. మొగుడూపెళ్లాల మధ్య సరదాకి మొదలైన ఆ పిలుపులు తర్వాత స్టాండంతా పాకాయి. లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె ఆకారంలో బండి తిప్పమంటారు కదా, పాతికేళ్ల కుర్రాళ్లు నలుగురు కర్రలు పడగొట్టుకుంటే ఏసమ్మ ఒక్క కర్ర కదలకుండా తిప్పుకొచ్చింది.

ఆ పట్టేసిన భుజంతో ఆవిడ లోడు బండి తిప్పగలిగిందంటే కారణం ఒక్కటే, దానికి పవర్ స్టీరింగు ఉంది. ఒట్టి స్టీరింగైతే ఐసు, చేపలు నిండిన బండిని గట్టు మలుపులో తిప్పడానికి నాలాంటివాడు సీట్లోంచి లేచి వేలాడాలి. పవర్ స్టీరింగుకు ఒక చిన్న పంపు ఉంటుంది. ఇంజను తిరిగినంతసేపూ అది ఆయిలును ఒత్తిడితో తోస్తుంది, ఆ తోపుడే చక్రాలను తిప్పుతుంది. మనం వేలితో దారి చూపిస్తే చాలు. పంపు పోయిందా, ఏసమ్మ డ్రైవరు పని పోయినట్టే.

ఆ పంపే పోవడం మొదలుపెట్టింది.

ఏసమ్మ మొదటిసారి వర్షాకాలం ముందు నా కొట్టుకు వచ్చింది. "తిప్పుతుంటే కుక్కపిల్ల మూలిగినట్టు మూలుగుతోందండి, లోడుతో బిగుసుకుపోతోందండి" అంది. నా కొట్టు గోడ పక్కనే పాపాయి షెడ్డు. పాపాయి అంటే చిన్నపిల్ల అనుకునేరు, యాభై ఏళ్ల మీసాల మనిషి, మా స్టాండులో స్టీరింగు పనికి అతని తర్వాతే ఎవరైనా. అతను బానెట్టు ఎత్తి బెల్టు నొక్కి చూశాడు, బిగువుగానే ఉంది. ఆయిలు డబ్బా మూత తీసి వేలు ముంచి వాసన చూశాడు. ఎర్రగా ఉండాల్సిన ఆయిలు టీ డికాక్షనులా నల్లబడి ఉంది. పైన నురగ. పైపుల జాయింట్లన్నీ తుడిచి చూశాడు, ఎక్కడా కారడం లేదు.

"మాడిపోయిందండి ఆయిలు. పంపు లోపల అరిగుంటుంది" అన్నాడు.

నేను పంపు ఇచ్చాను. పాపాయి బిగించాడు. ముందు చక్రాలు జాకీ మీద లేపి, స్టీరింగు అటూ ఇటూ తిప్పి గాలి మొత్తం తీసి, కొత్త ఆయిలు పోశాడు. బండి వెన్నలా తిరిగింది. ఏసమ్మ మా అందరికీ బత్తాయి రసం ఇప్పించి వెళ్లింది.

ముప్పై ఐదు రోజులకు మళ్లీ వచ్చింది. అదే మూలుగు. అదే నల్ల ఆయిలు. ఈసారి పైపు కూడా ఉబ్బింది.

"పంపు తేడాదేమోనండి" అన్నాడు పాపాయి నెమ్మదిగా.

"తేడా ఏంటండీ తేడా? కంపెనీ డబ్బా, కంపెనీ సీలు. మీ కళ్లముందే విప్పానా లేదాండీ?" అన్నాను. అరిచాను అనాలి. అయినా పంపు మార్చి ఇచ్చాను, పైపు కూడా కొత్తది వేశాం. నెల తిరిగిందో లేదో మూడోసారి. ఆ రోజు టీ కొట్టు దగ్గర ఎవరో "రాజుగారి దగ్గర నెల పంపులు దొరుకుతాయంట" అన్నారు. పదిమంది నవ్వారు. అక్కడినుంచి వారం రోజుల్లో ఆ మాట ఆకివీడు దాకా పోయింది. చిన్న బోల్టు కొనడానికి వచ్చినవాడు కూడా "ఇది ఎన్ని నెలలొస్తుందండి?" అనడం మొదలుపెట్టాడు. నాకు అన్నం సయించలేదు. మూడో పంపు నేనే స్వయంగా హైదరాబాదు డీలరుతో మాట్లాడి, నంబరు సరిచూసుకుని తెప్పించాను. అది బిగించిన పదో రోజునే సన్నగా మూలుగు మొదలైంది.

ఇక్కడ మా భీమరాజు బావ గురించి చెప్పాలి. అతనికి ఆరు చేపల చెరువులు. వాటి లోడు మొత్తం ఏసమ్మ బండికే ఇచ్చేవాడు, ఆ కుటుంబానికి అదే ఆధారం. రెండుసార్లు బండి మధ్య దారిలో ఆగి, ఐసు కరిగి, చేప మెత్తబడేసరికి అతనికి విసుగొచ్చింది. నా కొట్లో కూర్చుని, ఏసమ్మ ముందే అన్నాడు.

"చూడండమ్మా, వచ్చే శుక్రవారం పెద్ద చెరువులో చేపల పట్టుబడి. అప్పటికి ఈ గోల తేలాలి. తేలకపోతే నేను వేరే బండి మాట్లాడుకుంటాను. ఏమీ అనుకోవద్దు, ఆడమనిషి చేతిలో స్టీరింగు నలిగిపోతోందేమో చూసుకోండి."

పాపాయి కూడా తల ఊపాడు. "చివరిదాకా తిప్పేసి అలాగే బిగపట్టి ఉంచుతున్నారేమోనండి. కొత్తగా నేర్చినవాళ్లు మలుపుల్లో భయపడి అలా చేస్తారు. అలా పడితే పంపు మాడిపోద్దండి" అన్నాడు. స్టీరింగుకు చుట్టిన రెక్సిన్ తొడుగు చూపించాడు. ఒక్కచోట మాత్రం, బెత్తెడు మేర, అరిగి దారాలు లేచిపోయి ఉంది. "ఇదిగోండి, ఇక్కడే పట్టి లాగుతున్నారు."

ఏసమ్మ ఆ అరిగినచోట చెయ్యి పెట్టి చూసుకుంది. మొహం ఎర్రబడింది. "నేను అక్కడ చెయ్యే పెట్టనండి" అంది. అప్పుడు నా వైపు తిరిగింది.

"రాజుగారూ, మంగళవారం లోడుకి ఒక్కసారి నా పక్కన కూర్చుని రండి. తప్పు నా చేతిదైతే బండి తాళం మీ చేతిలోనే పెట్టేస్తాను. మళ్లీ ముట్టుకోను."

అలా అడిగాక కాదనడమెలా? పైగా నా పంపుల పరువు కూడా ఆ బండిలోనే ఉంది. మంగళవారం తెల్లగా తెల్లవారాక వాళ్ల పేటకు వెళ్లాను. రాజ్ కుమార్ అప్పటికే స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో చుట్టగా చుట్టిన నైలాను తాడు ఒకటి ఉంది. పెళ్లికి వెళ్తున్నవాడిలా ఉన్నాడు.

ముగ్గురం ముందు సీట్లో ఇరుక్కున్నాం. ఏసమ్మ చర్చి పాట ఏదో లోలోపల పాడుకుంటూ బండి తీసింది. నేను ఆవిడ చేతుల మీదినుంచి చూపు తిప్పలేదు. తప్పు పట్టాలనే కూర్చున్నాను, అబద్ధమెందుకు? ఒక్క మలుపులో కూడా ఆవిడ స్టీరింగును చివరికంటా పట్టి ఉంచలేదు. తిప్పుతూనే కొంచెం వెనక్కి వదులుతోంది. కాలవ వంతెన దగ్గర ఎదురుగా గడ్డి ట్రాక్టరు వస్తే, వేలెడు జాగాలో దాటించింది. నా గుండె ఆగింది గానీ ఆవిడ పాట ఆగలేదు.

"ఎలా ఉందండి మా డ్రైవరుగారి చెయ్యి?" అన్నాడు రాజ్ కుమార్, నా మొహం కనబడకపోయినా నవ్వుతూ.

"నేనింత బాగా నడపనండి" అన్నాను. నిజమే చెప్పాను. వెళ్లేటప్పుడు దారంతా పంపు కూడా కిక్కురుమనలేదు. నాకు అంతా అయోమయమైపోయింది. పంపు మంచిదే, చెయ్యీ మంచిదే. మరి ఆయిలు మాడ్చేది ఎవరు?

చెరువు గట్టు మీద బండి ఆగింది. ఒక పక్క నిండు చెరువు, ఇంకో పక్క కొబ్బరి మొక్కలు. ఇంజను ఆపలేదు. బ్యాటరీ ముసలిది, ఒకసారి ఆపితే సెల్ఫు అందుకుంటుందో లేదో, ఆ ఇరుకు గట్టు మీద తోసుకోవడం కుదరదు. అందుకని లోడు అయ్యేదాకా ఇంజను వేసే ఉంచుతారు. ఏసమ్మ దిగి వెనక్కి వెళ్లి కాటా దగ్గర నిలబడింది. వలలు లాగేవాళ్లు బొచ్చె, శీలావతి చేపలను ట్రేలకెత్తుతున్నారు, ఆవిడ తూకం చూసి బండిలోకి పంపిస్తోంది. రాజ్ కుమార్ మాత్రం తడుముకుంటూ డ్రైవరు సీటు వైపు వచ్చాడు. అక్కడ అతనికేదో పనుంది. నన్ను కొంచెం జరగమన్నాడు. నేను దిగి ముందుకు వెళ్లి, బానెట్టు ఎత్తి చూద్దామని నిలబడ్డాను.

రెండు నిమిషాలకు పంపు మూలగడం మొదలుపెట్టింది.

బండి నిలబడి ఉంది. చక్రం తిరగడం లేదు. సీట్లో ఎవరూ లేరు, రాజ్ కుమార్ పని ముగించుకుని పోయి కొబ్బరి మొక్క పక్కన కూర్చున్నాడు. మరి పంపు ఎవరి కోసం ఏడుస్తోంది? ఆయిలు డబ్బా మీద చెయ్యి వేశాను. చురుక్కుమంది. ముందు చక్రాలు చూస్తే కొబ్బరి మొక్కల వైపు పూర్తిగా తిరిగి ఉన్నాయి. తలుపు తీసి లోపలికి చూశాను.

స్టీరింగును చివరికంటా తిప్పి, నైలాను తాడుతో లాగి, సీటు కింది ఇనప కాలికి బిగించి కట్టేసి ఉంది. తాడు సరిగ్గా ఆ రెక్సిన్ అరిగినచోటే ఉంది. మీటితే వీణ తీగలా మోగేంత బిగువు.

నేను ఆ తాడును రెండు వేళ్లతో పట్టి కొంచెం వదులు చేశాను. మూలుగు ఆగింది. వదిలేశాను. మళ్లీ మొదలైంది. మూడుసార్లు చేశాను. పాపాయి చెప్పింది అక్షరాలా నిజం, ఎవరో స్టీరింగును చివరికి తిప్పి బిగపట్టి ఉంచుతున్నారు. కాకపోతే ఆ పట్టినవాళ్లకు చేతులు లేవు! చక్రం ఇంక తిరగడానికి చోటు లేదు, తాడు మాత్రం తిప్పు తిప్పు అని లాగుతూనే ఉంది, పంపు పాపం తన శక్తి కొద్దీ తోస్తూనే ఉంది. రెండు మూడు సెకన్లైతే పరవాలేదు. లోడు ముప్పావుగంట పడుతుంది, వారానికి నాలుగు లోడ్లు. మూడు పంపులు కాదు, ముప్పై పంపులైనా మాడతాయి.

"దొరికిందండీ!" అని కేకేద్దామని నోరు తెరిచాను.

"బాగా బిగిసిందాండి ముడి?" అన్నాడు రాజ్ కుమార్, నా అడుగుల చప్పుడు విని. "పదిహేనేళ్ల కిందట ఒక వ్యాను ఇలాగే గట్టు మీద ఆపితే, చక్రాలు తిన్నగా తిరిగి చెరువులోకి దిగిపోయిందండి. పట్టిన చేపలన్నీ ట్రేలతో సహా మళ్లీ చెరువులోకే పోయాయి. చేపలు నన్ను చూసి నవ్వుంటాయండి! అప్పట్నుంచీ ఏ బండైనా సరే, చక్రాలు చెరువుకు అవతలి వైపు తిప్పి కట్టాకే నేను దిగేది. ఇప్పటిదాకా ఒక్క బండి కదల్లేదండి."

ఒట్టి స్టీరింగు బండ్లకు ఆ తాడు వల్ల నష్టమేమీ లేదు. జాగ్రత్తగల మనిషి పదిహేనేళ్లుగా చేస్తున్న మంచి అలవాటు అది. పవర్ స్టీరింగు బండికి వచ్చాకే అది విషమైంది. నాకు ఒక పక్క నవ్వు, ఒక పక్క ఒళ్లు మంట. మూడు పంపులు! నెల పంపులు! ఆకివీడు దాకా పోయిన నా పరువు! "ఏవండీ రాజ్ కుమార్..." అని మొదలుపెట్టబోతుంటే నా మోచెయ్యి ఎవరో పట్టి లాగారు. ఏసమ్మ. చేతికి చేపల జిగురు, కళ్లల్లో భయం. నేను తాడుతో చేసిన పరీక్ష ఆవిడ వెనకనుంచి చూసింది, పంపు ఏడవడం, ఆగడం విన్నది. నన్ను బండి వెనక్కి తీసుకెళ్లింది.

"చెప్పకండి రాజుగారూ" అంది.

"చెప్పకపోతే ఎలాగమ్మా? మీ పనే పోయేలా ఉంది!"

"రోజూ చూస్తున్నానండి ఆ తాడు. ఒక్కసారి కూడా తట్టలేదు నాకు." ఆవిడ కొబ్బరి మొక్క పక్కనున్న మొగుడి వైపు చూసింది. "బండి మీద ఆయన పనంటూ మిగిలింది అదొక్కటేనండి. తాడు కట్టాలని పొద్దున్నే లేచి స్నానం చేసి చొక్కా వేసుకుంటాడు. ఆ పని కూడా పాడుపనే అని తెలిస్తే ఇంక ఇంట్లోంచి కదలడండి."

"మరి భీమరాజు బావకు ఏం చెబుతారు? మీ చేతిది తప్పంటారా?"

ఆవిడ తల వంచుకుంది. "పంపులు బాగోలేవని మీరే చెప్పండి" అంది, వినీ వినబడనట్టు.

విన్నారా? నకిలీ సరుకు అమ్మలేదని అన్నేళ్లు ఛాతీ చరుచుకున్న మనిషిని పట్టుకుని, అమ్మానని నా నోటితో నన్నే చెప్పమంటోంది! నాకొచ్చిన కోపానికి ఆ రోజు అండీ కూడా సరిపోలేదు. చెరువు చుట్టూ సగం దూరం నడిచి వచ్చాను. నేను వచ్చేసరికి రాజ్ కుమార్ లేచి, తడుముకుంటూ పోయి ముడి ఇంకా బిగువుగా ఉందా లేదా అని చూసుకుంటున్నాడు. దాన్ని రెండుసార్లు తట్టి, చొక్కా సర్దుకున్నాడు.

నేను వెనక్కి వెళ్లి ఏసమ్మతో ఒక్క మాటే అన్నాను. "కొత్త బ్యాటరీ వేయిస్తాను. రేపట్నుంచి గట్టు మీద ఇంజను ఆపెయ్యండి. ఇంజను ఆగితే పంపూ ఆగుతుంది, తాడు ఎంత బిగించుకున్నా ఫరవాలేదు. ముడి విప్పాకే మళ్లీ ఇంజను వెయ్యండి."

ఆవిడ చేపల చేతులతోనే నాకు దణ్ణం పెట్టింది. నా చొక్కా మీద పొలుసులు పడ్డాయి.

ఆ సాయంత్రం కొట్లో భీమరాజు బావ, పాపాయి ఉండగా చెప్పాను. ఏసమ్మ చెయ్యి బంగారమని, పంపులే బాగోలేవని. బావ నా వంక చూసి, "ఎన్నాళ్లకు దారికొచ్చారండీ బావా" అన్నాడు. పాపాయి మీసం మాటున నవ్వాడు. పళ్లు బిగించి ఊరుకున్నాను. ఈ సంగతి మా ఆవిడకు కూడా చెప్పలేదంటే చూసుకోండి. పాపాయి మాడిన ఆయిలు తీసేసి కొత్తది పోశాడు, కొత్త బ్యాటరీ వేశాం. పంపు మాత్రం అదే, పదో రోజునే మూలిగిన ఆ మూడో పంపే. శుక్రవారం పెద్ద చెరువు లోడు నల్లేరు మీద నడకలా సాగింది. ఆ తర్వాత ఒక నెల, రెండు నెలలు, మూడు నెలలు. బండి కిక్కురుమనలేదు. దానికి జనం ఏమన్నారో తెలుసా? "రాజుగారు ఈసారి ఒరిజినల్ ఇచ్చినట్టున్నారు" అన్నారు! అదే పంపండీ బాబూ, అదే పంపు! ఎవరికి చెప్పుకోను?

సంక్రాంతి వెళ్లాక ఒక రోజు మధ్యాహ్నం, కొట్టు నిండా మనుషులున్నారు. భీమరాజు బావ పేపరు చదువుతున్నాడు, పాపాయి బేరింగుల కోసం వచ్చాడు, నలుగురు డ్రైవర్లు ఉన్నారు. ఏసమ్మ భుజం పట్టుకుని రాజ్ కుమార్ మెట్లెక్కాడు. కౌంటరు ఎక్కడుందో తడిమి చూసుకుని, జేబులోంచి నైలాను తాడు చుట్ట తీసి దానిమీద పెట్టాడు.

"అందరూ ఉన్నారా అండీ?" అన్నాడు. "అయితే వినండి. రాజుగారి పంపుల్లో ఏ దోషమూ లేదు. మా డ్రైవరుగారి చేతిలోనూ లేదు. ఆ పంపులు తిన్నది నేను. ఇదిగో, దీంతో."

ఏసమ్మ నోరు తెరుచుకుని నిలబడింది, ఆవిడకూ తెలియదని మొహమే చెబుతోంది.

"మీకెవరు చెప్పారండీ?" అన్నాను నేను.

"ఎవరూ చెప్పలేదండి. పోయినవి కళ్లండి, చెవులు కాదు కదా. కొత్త బ్యాటరీ వచ్చింది, ఇంజను ఆపడం మొదలైంది, పంపు ఏడుపు పోయింది. మూడూ ఒక్క రోజునే ఎందుకు జరిగాయా అనుకున్నాను. ఒకరోజు డ్రైవరుగారు కాటా దగ్గరుండగా, నేనే ఇంజను వేసి తాడు బిగించి చూశాను. ఏడిచింది. వదిలాను. ఊరుకుంది." అతను తాడు చుట్టను ఇంకొంచెం ముందుకు జరిపాడు. "చెప్పడానికి పదిహేను రోజులు పట్టిందండి. చెబితే నా పని పోతుంది కదా అని. ఆ పదిహేను రోజులూ రాజుగారు నా మూలాన మాట పడుతూనే ఉన్నారని గుర్తొచ్చి, నాకు అన్నం దిగలేదండి."

ఏసమ్మ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. నేను మాత్రం ఏడ్చానండి. అందరి ముందూ, కౌంటరు వెనక నిలబడి, సిగ్గు లేకుండా. భీమరాజు బావ పేపరు మడిచి లేచి, "తప్పు నాదమ్మా ఏసమ్మా, నోరు జారాను" అన్నాడు. మా బావ నోట తప్పనే మాట నేను వినడం అదే మొదలు.

పాపాయి మాత్రం అవేవీ పట్టించుకోలేదు. రాజ్ కుమార్ దగ్గరికి వచ్చి, "తాడు వదులు చేయగానే ఆగిందని చెవితోనే పట్టేశారా?" అని అడిగాడు. "నేను మూడుసార్లు బానెట్టు ఎత్తానండి, మూడుసార్లూ పంపు మీదే పడ్డాను. ఒకసారి మా షెడ్డుకి రండి. ఒక వ్యాను ఉంది, స్టీరింగు తిప్పితే ఏదో కటకటమంటోంది. అది పంపో, బెల్టో, స్టీరింగు బాక్సో నాకు తేలడం లేదు."

రాజ్ కుమార్ ఆ వ్యాను పక్కన నిలబడి, స్టీరింగు రెండుసార్లు తిప్పించి, "బెల్టు కాదు, పంపు కాదండి. కింద బాక్సు బోల్టు వదులైంది" అన్నాడు. విప్పి చూస్తే అంతే. ఆనాటినుంచి లోడు లేని రోజుల్లో అతను పాపాయి షెడ్డులో స్టూలు మీద కూర్చుంటున్నాడు. ఏ బండి వచ్చినా ముందు అతను వినాలి, తర్వాతే బానెట్టు ఎత్తాలి. లోడు ఉన్న రోజున గట్టు మీద చక్రాల కింద చెక్క దుంగ పెట్టి, సుత్తితో రెండు దెబ్బలు వేసి వస్తాడు. తాడు నా దగ్గరే ఉంది, కౌంటరు వెనక మేకుకు వేలాడుతోంది. ఎవరైనా పంపు బాగోలేదని వస్తే ముందు దాన్ని చూపిస్తాను.

మొన్నామధ్య ఏసమ్మ ఏదో బల్బు కొనడానికి వచ్చింది. "ఓనరుగారు ఎలా ఉన్నారండీ?" అని అడిగాను.

"ఏం చెప్పమంటారండి?" అంది విసుగు నటిస్తూ. "లోడుకి వెళ్లేది ఆరింటికి. షెడ్డు తీసేది తొమ్మిదింటికి. ఈయన లోడున్నా లేకున్నా ఐదింటికే లేచి, చొక్కా వేసుకుని కూర్చుంటున్నాడు."